పిండివంటల సందేహాలు: సకినాల నుంచి సర్వపిండి దాకా

సంక్రాంతికి నెల ముందు నుంచే ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకుల ఉత్తరాల్లో పిండివంటల ప్రస్తావన పెరుగుతుంది. ఈసారి కొలతలు అడిగినవారు తక్కువ. కొలత ప్రకారమే చేసినా ఎందుకు చెడిపోయిందని అడిగినవారే ఎక్కువ. అందువల్ల తయారీ విధానం మొత్తం చెప్పకుండా, తేడా వచ్చే చోటనే ఆగి సమాధానాలు ఇస్తున్నాము. పలువురు ఒకే ప్రశ్న అడిగినప్పుడు ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: రేషన్ దుకాణంలో దొడ్డు బియ్యం వచ్చినన్నాళ్ళూ వాటిని పిండివంటలకే పట్టించేవాళ్ళం. ఇప్పుడు సన్న బియ్యం వస్తున్నాయి. వీటితో సకినాలు పోస్తే విరిగిపోతాయని మా అత్తమ్మ అంటున్నారు. దొడ్డు బియ్యం విడిగా కొనక తప్పదా?
— ఒక గృహిణి, హుజూర్‌నగర్

జవాబు: రేషన్‌లో సన్న బియ్యం పంపిణీ 2025 ఉగాది నాడు మీ హుజూర్‌నగర్‌లోనే మొదలైంది కనుక, ఈ సందేహం కూడా మీ ఊరి నుంచే రావడం సబబుగానే ఉంది. గింజ సన్నమా దొడ్డా అన్నది పిండి పట్టించాక పెద్దగా లెక్కలోకి రాదు. ఆ బియ్యం వండితే అన్నం పొడిపొడిగా ఉంటుందా, జిగటగా ముద్ద కడుతుందా, బియ్యం పాతవా కొత్తవా అన్నవే చూడవలసిన సంగతులు. కొత్త బియ్యపు పిండి తక్కువ నీటికే మెత్తబడి జిగురు తేలుతుంది. పాత బియ్యపు పిండి ఎక్కువ నీరు అడుగుతుంది. మీ అత్తమ్మగారు దొడ్డు బియ్యానికి అలవాటుపడిన చేతితో అంతే నీరు పోసి కలిపితే, ఈ బియ్యంతో పిండి పలుచనై చుట్టు నిలవకపోవచ్చు. ఆవిడ అన్నమాటకు కారణం అదే అయి ఉంటుంది. దొడ్డు బియ్యం కొనవలసిన పని లేదు. నీరు కొద్దికొద్దిగా చిలకరిస్తూ కలిపితే చాలు.

సకినాలకు అసలు ప్రాణం తడి పిండి. బియ్యాన్ని రాత్రి నానబెట్టి, ఉదయం కడిగి, నీరంతా వోడ్చి, నీడలో గుడ్డ మీద కాసేపు ఆరబోసి, చెమ్మ ఉండగానే గిర్నీకి తీసుకుపోవాలి. పొడి బియ్యాన్ని పట్టించినప్పుడు రాపిడికి, వేడికి బియ్యంలోని పిండి పదార్థపు రేణువులు ఎక్కువగా చితికిపోతాయి. చితికిన రేణువులు నీటిని అతిగా పీల్చుకుంటాయి, వేగేటప్పుడు వంటకం గట్టిపడుతుంది. నానిన గింజ మెత్తగా ఉంటుంది కాబట్టి ఈ నష్టం తక్కువ. దుకాణంలో అమ్మే పొడి బియ్యప్పిండి పొట్లంతో సకినాలు పోసి, రాలేదని బాధపడేవారికి నా సమాధానం కూడా ఇదే. ఆ పిండి గారెలకు పనికివస్తుంది కానీ సకినాలకు పనికిరాదు.

గిర్నీ నుంచి వచ్చిన పిండిని పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి చూడండి. వేళ్ళ అచ్చులు పడి ముద్ద నిలవాలి, బొటనవేలితో మీటితే విడిపోవాలి, అరచేయి చల్లగా తగలాలే తప్ప తడి అంటకూడదు. ఆ దశలో జల్లించి, కిలో బియ్యపు పిండికి పావుకిలో దాకా నువ్వులు, రెండు మూడు చెంచాల వాము, తగినంత ఉప్పు వేసి కలపాలి. కలపని పిండి మీద తడిగుడ్డ కప్పి ఉంచాలి. నలుగురు కూర్చుని పోసే ఇంట్లో మాటల్లో పడి ఇది మరచిపోవడం సహజం, చివరి వాయి సకినాలు విరగడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే. గుడ్డ మీద చుట్టిన సకినం చెమ్మ కొంత లాగి, అంచు పట్టి లేపితే విరగకుండా వచ్చేదాకా ఆగాలి. గంటల తరబడి వదిలేస్తే మాత్రం పైన బీటలు వారుతుంది.

ఇంకొక మాట. రేషన్ బియ్యం నానబోసినప్పుడు కొన్ని గింజలు పైకి తేలవచ్చు, రంగులో కాస్త తేడాగా కనిపించవచ్చు. అవి ప్లాస్టిక్ గింజలు కావు. బియ్యప్పిండికి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి గింజ ఆకారంలో అచ్చుపోసినవి. నూటికి ఒకటి చొప్పున కలిపినవి. ఏరి పారేయకండి.

ప్రశ్న: గారెలు నూనెలో వేయగానే కొన్ని పేలి నూనె ఎగిరిపడుతున్నది. చేయి కాలింది కూడా. మాది వాడలో అందరూ చేసే పద్ధతే: బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, కారం, కల్యామాకు. పొరపాటు ఎక్కడ?
— ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: బయటికి దారి లేని నీరు ఆవిరి కావడం వల్లనే ఏ గారె అయినా పేలుతుంది. మీ గారెలో ఆ నీరు దాగే చోట్లు మూడు ఉన్నాయి. మొదటిది శనగపప్పు: గంటల తరబడి నానిన పప్పు లోపలి దాకా నీరు పట్టి ఉంటుంది, దాని చుట్టూ పిండి గట్టిగా మూసుకుంటుంది. పప్పు అరగంట నానితే చాలు. వోడ్చి, గుడ్డ మీద పరచి అద్దాలి. రెండవది పిండిలో మిగిలిన పొడి ఉండలు. వేడినీళ్ళతో కలిపినప్పుడు ఇవి ఎక్కువగా మిగులుతాయి, కనుక చేయి పట్టేంత వేడికి చల్లారాక అరచేతి మడమతో బాగా మర్దించాలి. మూడవది గారె మధ్యన మందం. అంచులు పలుచగా, నడుమ లావుగా ఒత్తితే అంచు ముందు గట్టిపడి లోపలి ఆవిరిని బంధిస్తుంది. కవరు మీద ఒత్తిన తర్వాత ఫోర్కుతోనో, చీపురు పుల్ల కాకుండా శుభ్రమైన మరే పుల్లతోనో నాలుగైదు చోట్ల గుచ్చండి. పల్లీలు వేసేవారు వాటిని బద్దలుగా చేసి వేయాలి.

కాగిన నూనె రెండు మూడు చెంచాలు పొడి పిండిలో ముందే కలిపితే గారె గుల్లగా వస్తుంది. గుల్లగా ఉన్న గారెలో ఆవిరికి దారులు ఉంటాయి కనుక పేలడం కూడా తగ్గుతుంది. సోడా వేస్తే గుల్లదనం వస్తుంది కానీ నూనె ఎక్కువ పీలుస్తుంది. నేనైతే వేయవద్దనే చెబుతాను.

గారె వేగిందో లేదో రంగు కంటే ముందు చప్పుడు చెబుతుంది. వేసిన క్షణంలో చుట్టూ పెద్ద బుడగలతో చిటపటమంటుంది. పిండిలోని నీరు బయటికి పోతున్న గుర్తు అది. తిప్పిన తర్వాత బుడగలు చిన్నవై, పలుచబడి, చప్పుడు సన్నగిల్లుతుంది. అప్పటికి నీరు చాలామటుకు పోయింది కనుక తీయవచ్చు. బుడగలు జోరుగా ఉండగానే ఎర్రబడిందని తీసిన గారె మరుసటి రోజుకే మెత్తబడుతుంది, అటువంటప్పుడు మంట ఎక్కువైందని తెలుసుకోవాలి. నూనె వేడి 170 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. అది కిందికి పోయి వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె కాగలేదు, వేసీ వేయగానే నల్లబడితే మితిమీరి కాగింది.

చేయి కాలినప్పుడు 20 నిమిషాల పాటు పారే మామూలు నీటి కింద ఉంచాలి. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏదీ పూయకూడదు. బొబ్బలు పెద్దవైతే వైద్యుడికి చూపించండి.

ప్రశ్న: సాయంత్రం పిల్లలకు నూనె లేని తిండి పెడదామని అనుములు, బొబ్బర్ల గుడాలు చేస్తాను. బోరు నీళ్ళతో ఎంతసేపు ఉడికించినా పప్పు నలగదు. మా దిక్కున నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా, దాని వల్లనేనా?
— ఒక అంగన్‌వాడీ ఉద్యోగిని, చండూరు

జవాబు: ఫ్లోరైడ్ వల్ల కాదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అంటే మనం ఉప్పదనం, గట్టిదనం అనేవి, గింజ పొట్టులోనూ కణాల నడుమనూ ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని బిగించివేస్తాయి. అందుకే ఆ గింజ నానినట్టు కనిపించినా నలగదు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వస్తుంటే నానబెట్టడానికీ ఉడికించడానికీ వాటినే వాడండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఫ్లోరైడ్ సంగతి వేరు: నీరు మరిగించినంత మాత్రాన అది పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. పిల్లలకు పెట్టే తిండికి బోరు నీళ్ళు వద్దనడానికి ఆ కారణం ఒక్కటే చాలు.

గింజలు ఏడాది దాటినవైతే మంచి నీళ్ళలోనూ మొరాయిస్తాయి. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కుక్కర్లో పెట్టండి. ఉప్పు ముందే వేస్తే ఉడకవన్న మాటలో బలం లేదు. చింతపండు, నిమ్మకాయ, టమాట వంటి పులుపే అడ్డుపడుతుంది కనుక వాటిని చివర్లో వేయాలి. తినే సోడా చిటికెడు వేస్తే త్వరగా మెత్తబడతాయి కానీ బి1 విటమిన్ నష్టపోతుంది. తాలింపుకు ఎండుమిర్చి, ఎల్లిగడ్డ, కల్యామాకు ఉంటే పిల్లలు వద్దనరు.

ప్రశ్న: మా పొలంలోనే పండిన పల్లీలతో పల్లిపట్టి చేశాను. ముక్క కోయడానికి వచ్చింది కానీ రెండో రోజుకే సాగి, పళ్ళకు అంటుకుంటున్నది.
— ఒక రైతు, వనపర్తి

జవాబు: పాకం ముదరలేదు. చాలామంది ఉండపాకం దగ్గరే ఆగిపోతారు, అది అరిసెలకూ లడ్డూలకూ సరిపోతుంది కానీ పట్టికి సరిపోదు. చల్లని నీళ్ళ గిన్నెలో ఒక చుక్క వేసి, బయటికి తీసి, స్టీలు పళ్ళెం మీద పడవేస్తే రాయి పడ్డట్టు టంగుమనాలి. వేళ్ళతో విరిస్తే సాగకుండా ఫటుక్కున విరగాలి. ఆ దశకు పాకం వేడి 150 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. అక్కడి నుంచి మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు కనుక పల్లీలు, నెయ్యి రాసిన పళ్ళెం, అప్పడాల కర్ర ముందే సిద్ధంగా ఉండాలి. పావుకిలో పల్లీలకు 200 గ్రాముల బెల్లం, రెండు చెంచాల నీరు చాలు. బెల్లం కరగగానే ఒకసారి వడగట్టాలి. ఒత్తిన వెంటనే, వేడి ఉండగానే కత్తితో గాట్లు పెట్టండి. బెల్లం గాలిలోని చెమ్మను లాగుతుంది కనుక చల్లారిన మరుక్షణమే మూత బిగువుగా ఉన్న డబ్బాలో వేయాలి.

మీ యాసంగి పంట కొత్త పల్లీలలో చెమ్మ ఎక్కువగా ఉంటుంది, సన్న మంట మీద పాత వాటి కంటే ఎక్కువసేపు వేయించండి. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు వాసన వేసేవి ఏరివేయడం తప్పనిసరి. బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

ప్రశ్న: ఒకసారి కాచిన నూనెను ఎన్నిసార్లు వాడవచ్చు?
— ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఒకసారి వడగట్టి తాలింపులకు వాడి ముగించడం మేలు. వ్యాపారం చేసేవారికి 2018 జూలై నుంచి ఒక హద్దు ఉంది: నూనె పదేపదే కాగి చెడినప్పుడు పుట్టే పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటితే వాడకూడదు. ఇంట్లో అది కొలవలేము కనుక నూనె చిక్కబడినా, నురగ కట్టినా, మునుపటి కంటే ముందే పొగ లేచినా పక్కన పెట్టండి. పాత నూనెలో కొత్తది కలిపితే కొత్తది కూడా త్వరగా చెడుతుంది.

ప్రశ్న: సజ్జ అప్పాలు చేదుగా వస్తున్నాయి. బెల్లం మంచిదే.
— ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: పిండి ఎప్పుడు పట్టించారో చూడండి. సజ్జల్లో కొవ్వు ఎక్కువ. పిండి అయిన కొద్ది రోజులకే ఆ కొవ్వు విరిగి చేదెక్కుతుంది. చేసే నాడో, ముందు రోజో పట్టించండి.

ప్రశ్న: నేను గదిలో ఉండి చదువుకుంటున్నాను. ఒక పొయ్యి, ఒక గిన్నె ఉన్నాయి. సర్వపిండి మొదటిది బాగా వస్తుంది, రెండవది గిన్నెకు అంటుకుని ముక్కలవుతుంది.
— ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: మీ వంటకానికి తపాలచెక్క అని, గిన్నప్ప అని ఊరూరా పేర్లు ఉన్నాయి కానీ కష్టం అన్ని చోట్లా ఇదే. వేడి గిన్నెలో పిండి ఒత్తబోతే తగిలిన చోటల్లా అప్పటికప్పుడే ఉడికి పట్టుకుంటుంది, చేయి కాలుతుందన్న తొందరలో మందం కూడా సమంగా రాదు. మొదటిది తీశాక గిన్నెను బోర్లించి అడుగు భాగం మీద నీళ్ళు పోసి చల్లార్చండి. పలుచని అల్యూమినియం గిన్నె అయితే కాస్త ఆగి పోయండి, లేకపోతే అడుగు వంగుతుంది. తడి తుడిచి, మాడిన పెచ్చులు గీకివేసి, మళ్ళీ నూనె రాసి, చల్లని గిన్నెలోనే పిండి ఒత్తాలి. వేలితో చేసిన రంధ్రాల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి, సన్న మంట మీద ఉంచండి. అంచులు గిన్నెను వదిలి లోపలికి జరిగిన తర్వాతనే అట్లకాడ పెట్టాలి. సొరకాయ తురుము వేసేవారు నీరు పిండి వేయాలి, పిండిన నీటిని పిండి కలపడానికే వాడుకోవచ్చు. అంత ఓపిక లేని నాడు ఒకే సర్వపిండిని కాస్త మందంగా ఒత్తి, ఎక్కువసేపు కాల్చుకోండి. ఒక్కరి ఆకలికి అది సరిపోతుంది.