టెక్ సందేహాలు: 24 వోల్టుల ప్యానెల్ 24 దగ్గర ఆగదు

చలి మొదలయ్యాక ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. గుణుపురం నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థి రాసింది చూడండి: "సార్, చేలో నేల తేమ కొలవడానికి ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాను. 24 వోల్టుల సోలార్ ప్యానెల్ నుంచి, వోల్టేజీని దించి నిలకడగా ఉంచే 7805 రెగ్యులేటర్ చిప్ ద్వారా 5 వోల్టులు ఇచ్చాను. రెండుసార్లు 7805 కాలిపోయింది. రెండోసారి బోర్డు కూడా పోయింది. 7805కి 35 వోల్టుల దాకా ఇవ్వొచ్చంటారు కదా, 24కే ఎందుకు పోయింది? ఇంకా ఎక్కువ తట్టుకునే రెగ్యులేటర్ ఏది?" పర్లాకిమిడి, జయపురం నుంచి వచ్చిన ఉత్తరాల్లోనూ ఇదే గొడవ.

బాబూ, నీ 7805కి అందింది 24 వోల్టులు కాదు. 24 వోల్టుల ప్యానెల్ అంటే 24 వోల్టుల బ్యాటరీని చార్జ్ చేయగలిగే ప్యానెల్ అని. దాని వెనక స్టిక్కర్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ అని, అంటే ఏదీ తగిలించనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజీ అని, ఇంకో అంకె ఉంటుంది. 72 సెల్స్ ఉన్న ప్యానెల్‌కి అది 45 వోల్టుల దగ్గర ఉంటుంది, 60 సెల్స్ దానికి 37, 38. నీ బోర్డు తీసుకునే కరెంటు ప్యానెల్‌కి ఒక లెక్కే కాదు కాబట్టి వోల్టేజీ దాదాపు ఆ పై అంకె దగ్గరే నిలబడుతుంది. పైగా ఆ అంకె 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిచింది. సిలికాన్ ప్యానెల్ చల్లబడే కొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.3 శాతం. కోరాపుట్ కొండల మీద పొద్దున్నే 5 డిగ్రీలుంటే 45 కాస్తా 47 దాటుతుంది. లేత ఎండ కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. లేత ఎండలో తక్కువగా ఉండేది కరెంటు, వోల్టేజీ మాత్రం తొందరగానే పైకి వచ్చేస్తుంది. అందుకే ఇలాంటివి మిట్టమధ్యాహ్నం కంటే డిసెంబరు పొద్దుటిపూటే ఎక్కువగా పోతాయి.

వేడి సంగతి వేరే. ఒకవేళ నిజంగా 24 వోల్టులే వచ్చాయనుకుందాం. బోర్డు 200 మిల్లీయాంపియర్లు తీసుకుంటే 7805 మీద మిగిలే 19 వోల్టులూ వేడిగా మారాలి. అంటే 3.8 వాట్లు. హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకు) లేని ఆ మూడుకాళ్ల చిప్‌కి ఒక్కో వాట్‌కి 65 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. లెక్క వేసుకో. లోపలి రక్షణ దాన్ని ఆపుతుంది, చల్లారాక మళ్లీ ఆన్ చేస్తుంది, మళ్లీ ఆపుతుంది. ఈఎస్‌పీ32 వైఫై ఆన్ చేసిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతోందని రాసేవాళ్లలో చాలామంది సమస్య ఇదే, ప్రోగ్రాంలో తప్పేమీ ఉండదు.

రెండోసారి బోర్డు కూడా ఎందుకు పోయింది? ఎక్కువ వోల్టేజీకి కాలిన రెగ్యులేటర్ చాలాసార్లు లోపల షార్ట్ అయిపోతుంది. ఇన్‌పుట్‌లో ఉన్నదంతా నేరుగా అవుట్‌పుట్‌కి వచ్చేస్తుంది. మూడున్నర వోల్టులు దాటితే తట్టుకోలేని చిప్ మీద నలభై పైన పడితే ఇంకేం మిగులుతుంది?

కాబట్టి ఎంత తట్టుకునేది కొనాలి అన్న ప్రశ్నకి ముందు, నా తీగలో ఎప్పుడైనా, ఏ క్షణంలోనైనా ఎంత రావచ్చు అని చూసుకోవాలి. నీ విషయంలో 48 అనుకుందాం. 60 వోల్టుల దాకా తీసుకునే బక్ కన్వర్టర్, అంటే వేగంగా స్విచ్ అవుతూ తక్కువ వేడితో వోల్టేజీని దించే బోర్డు కావాలి. 2596 అనే బక్ చిప్‌లోనే హెచ్‌వి అని ఒక రకం ఉంది, అది 60 దాకా పనిచేస్తుంది. మామూలు 2596 పరిమితి 40. బజారులో దొరికే చిట్టి నీలం బోర్డుల మీద ఉండేది ఈ మామూలుదే. ఇంకా మంచి మార్గం, ప్యానెల్ నుంచి కాకుండా చార్జ్ కంట్రోలర్ తర్వాత 12 వోల్టుల బ్యాటరీ ఉంటే దాని నుంచి తీసుకోవడం. అక్కడ చార్జింగ్‌లో ఉన్నా మామూలుగా 14.4 చుట్టూనే ఉంటుంది, ఏ చవక బక్ బోర్డయినా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని చవక కంట్రోలర్లలో బ్యాటరీ వైరు ఊడితే ప్యానెల్ వోల్టేజీ మొత్తం లోడ్ వైపు వచ్చేస్తుంది. ముందు బ్యాటరీ తగిలించి, తర్వాతే ప్యానెల్ తగిలించాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్.

ఆ నీలం బోర్డుల గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. అమ్మేవాడి పేజీలో 40 వోల్టులని పెద్దక్షరాల్లో ఉంటుంది. బోర్డు చేతికొచ్చాక ఇన్‌పుట్ వైపు కెపాసిటర్ తిప్పి చూడండి, కొన్నిటి మీద 35 వోల్టులని ముద్రించి ఉంటుంది. చిప్ 40 తట్టుకుంటే ఏం లాభం, పక్కనున్న కెపాసిటర్ ఉబ్బి పేలుతుంది. చిప్ మీద పేరు కూడా నమ్మడానికి లేదు. అసలైన 2596 సెకనుకి లక్షా యాభై వేల సార్లు, అంటే 150 కిలోహెర్ట్జ్ వేగంతో స్విచ్ అవ్వాలి. ఓసిలోస్కోప్ పెట్టి చూస్తే చాలా బోర్డుల్లో 50 దగ్గర కనిపిస్తుంది. పాత రకం చిప్ మీద కొత్త పేరు కొట్టి అమ్ముతున్నారన్నమాట. బోర్డు మీద గరిష్ఠ వోల్టేజీ ముద్రించరు, ప్లస్ మైనస్ తారుమారైతే కాపాడే డయోడ్ పెట్టరు. పది పైసల ముద్ర వేయడానికి ఏమడ్డం? నేర్చుకునే పిల్లలు పాకెట్ మనీ దాచుకుని కొనే వస్తువు ఇది. ఇలా తయారు చేసేవాళ్ల మీద నాకు నిజంగా కోపమే.

ఇంక ఈసారి నన్ను ఎక్కువగా భయపెట్టిన ఉత్తరం. కాశీనగరం దగ్గర వంశధార ఒడ్డు పల్లె నుంచి ఒక రైతు కొడుకు రాశాడు: "మా మోటారుకి ఫోన్‌తో నడిచే స్టార్టర్ సొంతంగా చేస్తున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 నుంచి నేరుగా 12 వోల్టులు తెచ్చే సర్క్యూట్ ఒక వీడియోలో చూశాను. ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లు, వోల్టేజీ హద్దు దాటకుండా ఆపే ఒక జీనర్ డయోడ్. దీని తర్వాత 7805 పెడితే చాలా?"

చాలదు, అసలు పెట్టొద్దు. ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ 230 వోల్టుల దగ్గర 72 మిల్లీయాంపియర్ల కంటే ఎక్కువ ఇవ్వలేదు. సిమ్ ఉన్న జీఎస్‌ఎం మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో 2 యాంపియర్ల దాకా లాగుతుంది. అంటే నీ స్టార్టర్ ఎటూ పనిచేయదు. పనిచేయకపోతే పీడా పోయేది. నా భయం పనిచేసేలా ఎలాగోలా సర్దుతావేమోనని.

ఆ సర్క్యూట్‌లో అవుట్‌పుట్ 12 వోల్టులే ఉన్నా, దాని గ్రౌండ్, అంటే మైనస్ వైపు, ఇంటి కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్ ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, కాబట్టి ఆ గ్రౌండ్ ఎప్పుడు ఫేజు మీద ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ నాలుగు డయోడ్ల బ్రిడ్జి ఉన్నంత మాత్రాన గ్రౌండ్ కరెంటు తీగ నుంచి విడిపోదు. మీటరు పెట్టి ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య చూస్తే చక్కగా 12 చూపిస్తుంది. మైనస్‌కీ తడి నేలకీ మధ్య చూస్తే తెలుస్తుంది అసలు సంగతి.

ఇప్పుడు నీ పెట్టె నుంచి బయటికి వచ్చేవి ఒక్కొక్కటే చూడు. జీఎస్‌ఎం యాంటెన్నా: దాని ఇత్తడి మరచుట్టు సర్క్యూట్ గ్రౌండ్‌కే కలిసి ఉంటుంది. పెట్టె ప్లాస్టిక్‌దే అయినా ఆ చిన్న లోహపు ముక్క బయటే ఉంటుంది, సిగ్నల్ సరిగా లేదని దాన్నే చేత్తో తిప్పుతారు. ట్యాంకులో నీటిమట్టం చూసే తీగలు: అవి నీళ్లలోనే మునిగి ఉంటాయి. నేలలో గుచ్చిన తేమ సెన్సర్: దాని చుట్టూ తడి మట్టి. ప్రోగ్రాం మార్చడానికి యూఎస్‌బీ తీగ పెడితే నీ ల్యాప్‌టాప్ బాడీ కూడా ఆ కరెంటు మీదికే వస్తుంది. చెప్పుల్లేని కాళ్లతో, తడి చేతులతో మీ నాన్న ఆ పెట్టె దగ్గరికి రాత్రిపూట వస్తాడు. ఇవన్నీ కళ్ల ముందు పెట్టుకుని చెప్పు, ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి మిగుల్చుకునే ఆ కొద్ది రూపాయలు ఎందుకు?

ఆ రకం సర్క్యూట్లు ఎల్‌ఈడీ బల్బుల్లో ఉంటాయి కదా అని అడుగుతారు. ఉంటాయి. మూసేసిన పెట్టెలో, మనిషి చెయ్యి ఎక్కడా తగలని చోట మాత్రమే వాటికి చోటు. బయటికి ఒక్క తీగ వచ్చినా ఐసోలేషన్ ఉన్న సప్లై, అంటే అవుట్‌పుట్‌కీ కరెంటు లైనుకీ నేరుగా తీగ సంబంధం లేని సప్లై కావాలి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న 12 వోల్టుల అడాప్టర్ ఒకటి తీసుకుని, దాని తర్వాత బక్ కన్వర్టర్ పెట్టుకో. చేతిలో ఉన్న బోర్డుకి ఐసోలేషన్ ఉందో లేదో తెలుసుకోవాలంటే ప్లగ్ తీసేసి, కెపాసిటర్ డిశ్చార్జ్ అయ్యాక, ఇన్‌పుట్ పిన్నులకీ అవుట్‌పుట్ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టు. బీప్ వచ్చినా, తక్కువ ఓములు చూపించినా, డయోడ్ రేంజిలో ఏదైనా అంకె కనిపించినా ఆ బోర్డుని పక్కన పడేయ్. ఏమీ చూపించలేదని మాత్రం ధీమా పడొద్దు. బోర్డు మధ్యలో తీగలేవీ లేని ఖాళీ గీత ఉండి, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ లాంటి ఐసోలేషన్ భాగాలు మాత్రమే అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చున్నాయా అని కూడా చూడు. మోటారు లైనుకి 30 మిల్లీయాంపియర్ల లీకేజీ బ్రేకర్ తప్పనిసరి. పల్లెల్లో న్యూట్రల్ తెగితే 230 రావలసిన చోట 400 దాకా వస్తుంది, అది తట్టుకునే రక్షణ కూడా ఉండాలి.

ఈ స్టార్టర్ల మాట వచ్చింది కాబట్టి కొన్నవాళ్ల గురించీ చెప్పాలి. బజారులో అమ్మే ఫోన్ స్టార్టర్లలో కొన్ని ఏ నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చినా మోటారు ఆన్ చేస్తాయి. పాస్‌వర్డ్ ఉన్నవాటిలో కొన్నిటికి అది 1234. కొన్నరోజు నుంచి ఎవరూ మార్చరు. ఆటో స్విచ్ ఆన్‌లోనే ఉంచుతారు, పోయిన కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. ఫుట్‌వాల్వ్ బాగు చేయడానికి మనిషి బావిలోకి దిగి ఉన్నాడా, బెల్టు మీద చెయ్యి పెట్టి ఉన్నాడా అని ఆ పెట్టెకి తెలియదు. ఎవరో రాంగ్ నంబరు కొడితే చాలు. రాంగ్ నంబరుతో ఒక మోటారుకి కరెంటు ఇచ్చే పరికరాన్ని తయారుచేసి అమ్మడం నేరంతో సమానమని నా అభిప్రాయం. ఈ రోజే పాస్‌వర్డ్ మార్చండి, మీ నంబర్లు మాత్రమే ఒప్పుకునేలా సెట్ చేయండి. మోటారు మీద చెయ్యి వేసే ముందు మెయిన్ దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. ఫోన్‌లో ఆఫ్ చేయడం ఆఫ్ చేసినట్టు కాదు.

అడవిపందుల కోసం చేను చుట్టూ తీగ కట్టి తక్కువ వోల్టేజీ కరెంటు పెట్టడానికి రెగ్యులేటర్ అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ సర్క్యూట్ ఇవ్వను. లైను నుంచి తీసిన ఏ తీగా కంచెకి పనికిరాదు. ఒడిశాలో అలాంటి తీగలకి ఏనుగులూ పోతున్నాయి, మనుషులూ పోతున్నారు. కంచె కోసం వేరే ఎనర్జైజర్ ఉంటుంది. అది సెకనుకి ఒకసారి మాత్రమే, అతి తక్కువ సేపు, 5 జౌల్స్ శక్తికి మించని దెబ్బ వేస్తుంది. ఆ ప్రమాణానికి సరిపడే ఎనర్జైజరే కొనండి.

చివరిగా రాయగడ నుంచి ఒక ఈ-రిక్షా యజమాని అడిగిన ప్రశ్న. 48 వోల్టుల బ్యాటరీల నుంచి ప్రయాణికుల ఫోన్లకి చార్జింగ్ ఇవ్వాలని 60 వోల్టుల బక్ బోర్డు కొన్నారు. వైరు తగిలించగానే టప్‌మని పేలింది.

నాలుగు బ్యాటరీలు చార్జింగ్‌లో ఉంటే 57.6 వోల్టులు వస్తాయండీ. ఆ పైన 60కి ఎంత మిగిలింది? పొడవాటి వైరుని కరెంటుతో ఉండగానే బోర్డుకి తగిలిస్తే వైరు ఇండక్టెన్స్, సిరామిక్ కెపాసిటర్ రెండూ కలిసి ఒక్క క్షణం దాదాపు రెట్టింపు వోల్టేజీ చేస్తాయి. మీది పేలింది అందుకే. టీవీఎస్ డయోడ్ (క్షణం పాటు వచ్చే వోల్టేజీ పోటుని మింగే డయోడ్) పెడితే సరిపోతుందని ఎవరైనా చెప్పి ఉండొచ్చు. 58 వోల్టుల టీవీఎస్ అసలు దెబ్బ పడ్డప్పుడు 93 దాకా వెళ్లనిచ్చి ఆపుతుంది. అంటే దాని వెనకున్న రెగ్యులేటర్ 100 వోల్టులదైతేనే ఆ డయోడ్ వల్ల ప్రయోజనం. ఎల్‌ఎం 5164 అలాంటిది, 100 వోల్టుల దాకా తీసుకుని 1 యాంపియర్ ఇస్తుంది. ఒక ఫోన్‌కి సరిపోతుంది. నాలుగు ఫోన్లకి కావాలంటే 100 వోల్టుల ఇన్‌పుట్ ఉన్న ఐసోలేటెడ్ కన్వర్టర్ కొనండి. ఇన్‌పుట్ దగ్గర 100 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి అదనంగా పెట్టండి, ఆ క్షణం పోటుని అది అణుస్తుంది.

ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి, బోర్డు దగ్గర కాదు. కారు షాపులో దొరికే బ్లేడు ఫ్యూజు వాడకండి, వాటిలో ఎక్కువభాగం 32 వోల్టులకి చేసినవి. 48 మీద ఫ్యూజు కాలినా లోపల నిప్పు రవ్వ ఆగకుండా అంటుకునే ఉండొచ్చు. 58 వోల్టులనీ, అంతకంటే ఎక్కువనీ రాసి ఉన్న డీసీ ఫ్యూజులు దొరుకుతాయి. మీ ఒక్క చార్జర్ తీగకి 2 యాంపియర్లది చాలు.