పిలుపు వస్తే వెళతారా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సైన్యంలో చేరడం తప్పనిసరి చేస్తే ఇష్టంగా వెళతావా అని స్నేహితులు అడిగినప్పుడు వెంటనే ఔననలేకపోయాను. అప్పటి నుంచి నన్ను పిరికివాడంటున్నారు. నా తటపటాయింపు తప్పా? మీరైతే ఏం చేస్తారు?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: తప్పు కాదు. ప్రాణానికి సంబంధించిన ప్రశ్నకు ఆలోచించకుండా ఔననడమే నాకు భయం కలిగిస్తుంది.

మన దేశంలో ఇప్పుడు నిర్బంధ సైనిక సేవ లేదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ కూడా ఇష్టమున్నవారు దరఖాస్తు పెట్టుకునేదే. అయితే రాజ్యాంగం నిర్బంధ సేవను పూర్తిగా కాదనలేదు. వెట్టిచాకిరీని నిషేధించిన 23వ అధికరణమే, ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం నిర్బంధ సేవను విధించవచ్చని, అలా విధించేటప్పుడు కేవలం మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదని చెబుతోంది. దేశాన్ని రక్షించడం, పిలుపు వచ్చినప్పుడు జాతీయ సేవ చేయడం పౌరుల ప్రాథమిక విధి అని 1976లో చేర్చిన 51ఎ అధికరణం అంటోంది.

మా మేనమామ తన ఇష్టంతోనే సైన్యంలో చేరారు. సెలవు ముగిసి తిరిగి వెళ్లే రోజు బరంపురం స్టేషన్‌లో, తెల్ల రంగుతో నంబరూ పేరూ రాసిన నల్ల ట్రంకుపెట్టెను బండిలోకి ఎక్కించి, కిటికీ ఊచల్లోంచి మా అమ్మమ్మ చేయి పట్టుకునేవారు. బండి కదిలాక కూడా వదిలేవారు కాదు. ఆవిడ నాలుగడుగులు బండి పక్కనే నడిచేది. ఆయన యుద్ధం చూసి వచ్చిన మనిషి. ఆయనను పిరికివాడనే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు.

ఇక నా మాట. దేశం మీదికి ఎవరైనా దండెత్తి వస్తే నేను వెళతాను. కానీ ఆ పిలుపు పర్లాకిమిడిలో రిక్షా తొక్కేవారి ఇంటికీ, భువనేశ్వర్‌లో మంత్రిగారి ఇంటికీ ఒక్కలాగే రావాలి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికాలో కాలేజీలో చదివే యువకులకు వాయిదా దొరికేది కాబట్టి, చదివించే స్థోమత లేని ఇళ్ల పిల్లల మీదే ఆ భారం ఎక్కువగా పడింది. అక్కడ నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం 1973లో ఆపేశారు. ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోనివారికి ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో ఉన్నట్లు వేరే సేవ చేసే వీలు కూడా ఉండాలి. ఆ రెండూ లేని చట్టాన్ని నేను ఇష్టంగా ఒప్పుకోలేను.

మీ స్నేహితుల్లో ఎవరికైనా నిజంగా ఉత్సాహం ఉంటే చట్టం కోసం ఎదురుచూడనక్కర లేదు, అగ్నివీర్ నియామకాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారు మళ్లీ మిమ్మల్ని అడిగితే, యుద్ధం ఎందుకోసం, పిలుపు ఎవరెవరికి అని మీరు ముందు అడగండి.