పాత ప్లేట్లు అప్పుడే ఇచ్చేయకు

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

రీమాస్టర్ చేసిన పాత పాటలు కొనుక్కుంటున్నానని, ఇక బావగారి గ్రామఫోన్ ప్లేట్లూ క్యాసెట్లూ పాత సామాన్లవాడికి వేసేస్తానని రాశావు. పాటలు కొనుక్కో, సంతోషం. ప్లేట్లు మాత్రం ఇవ్వకు. కొత్తది బాగుందో పాడైందో తేల్చాలంటే పక్కన పెట్టి వినడానికి పాతది ఉండాలి.

ముందు అట్ట మీద ఏం రాశారో చూడు. రీమాస్టర్ అంటే పూర్తయిన పాటనే తీసుకుని వెనక వినిపించే బుస తగ్గించి, హెచ్చుతగ్గులు సరిచేయడం. రీమిక్స్ అంటే గొంతు, వాద్యాలు విడివిడిగా ఉన్న ట్రాకులను మళ్లీ కలపడం. యాభై, అరవైల నాటి సినిమా పాటల్లో చాలావాటికి అలాంటి విడి ట్రాకులే లేవు. పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేసారి కూర్చుని మోనోలో, అంటే ఒకే ఒక్క ట్రాకులోకి ఎక్కించినవి. అలాంటి పాట మీద స్టీరియో అనో 5.1 (చుట్టూ ఆరు స్పీకర్ల శబ్దం) అనో ఉంటే, యంత్రంతో విడదీసి ఉండాలి, లేదా కొత్తగా వాయించి కలిపి ఉండాలి. 1957 నాటి మాయాబజార్ 2010లో రంగులతో, డీటీఎస్ శబ్దంతో హాళ్లకు వచ్చింది. హాల్లో కూర్చుని చూడ్డానికి అది వేరే ముచ్చట. పాట పాటగా వినాలంటే నేను మోనోయే పెట్టుకోమంటాను.

ఇక పోల్చడం. అందరూ తప్పేది ఇక్కడే. కొత్తది దాదాపు ఎప్పుడూ ఎక్కువ గట్టిగా ఉంటుంది, గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. కంప్యూటర్లో శబ్దం సరిదిద్దే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో పాతదీ (అది ఎక్కించే తీరు కింద రాశాను) కొత్తదీ ఒకదాని కింద ఒకటి తెరిచి, కొత్తదాన్ని 3 నుంచి 6 డెసిబెల్స్ దాకా తగ్గిస్తూ పల్లవిలో గొంతు రెండింట్లోనూ సమానం అయ్యాక ఆపు. డోలక్కుతో కొలవకు, గొంతుతో కొలువు. వైరున్న హెడ్‌ఫోన్ వాడు. బ్లూటూత్ శబ్దాన్ని మళ్లీ ఒకసారి కుదిస్తుంది. తెర మీద కనిపించే శబ్దం బొమ్మ కూడా చూడు. పాతదాంట్లో కొండలూ లోయలూ ఉండి, కొత్తది మొదట్నుంచి చివరిదాకా ఇటుకలా నిండుగా ఉంటే, నెమ్మదిగా పాడిన చోటునీ గొంతెత్తిన చోటునీ ఒకే ఎత్తుకి తెచ్చారన్నమాట. అలాంటిది వదిలేయ్.

ఆ తర్వాత వీణ ఉన్న పాట ఒకటి పెట్టు. మీటిన దెబ్బ కాదు, మీటాక నాదం సన్నబడుతూ ఎంతసేపు నిలుస్తుందో విను. బుస తీసే మీట ఎక్కువ తిప్పినవాళ్లు బుసతో పాటు ఆ తోకనీ కోసేస్తారు. నాదం సగంలో నీళ్లలో మునిగినట్టు ఆగిపోతుంది. గొంతులో అయితే స, శ అక్షరాలు మొద్దుబారతాయి, చరణానికి ముందు పీల్చే ఊపిరి మాయమవుతుంది. పాడినప్పుడు బుస వచ్చి, ఆపగానే పోతుంటే అదీ ఆ జబ్బే. మొదట్నుంచి చివరిదాకా సన్నగా ఒకే తీరున ఉండే బుస నయం. రెండో పాటకి చెవి దాన్ని మరిచిపోతుంది.

మోనో అని అమ్మినదాన్ని ఇలా పరీక్షించు: ఆడాసిటీలో కుడి, ఎడమ ఛానళ్లు విడదీసి, ఒకదాన్ని తలకిందులు చేసి (ఇన్వర్ట్) రెండూ కలుపు. నిజమైన మోనో అయితే దాదాపు నిశ్శబ్దం మిగులుతుంది. పాట వినిపిస్తే ఏదో కలిపారు.

సినిమా డీవీడీ నుంచీ టీవీ నుంచీ తీసిన పాటలకి ఇంకో తంటా ఉంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీల పాల్ పద్ధతి వీడియో 25. అలా ఎక్కించినప్పుడు పాట 4 శాతం పరిగెడుతుంది. 3 నిమిషాల 20 సెకన్ల పాట 3 నిమిషాల 12 సెకన్లకే అయిపోతుంది, శ్రుతి హార్మోనియం మీద ఒక మెట్టులో ముప్పాతిక దాకా పైకి పోతుంది, నిండైన మగగొంతు పలచబడుతుంది. ఆడాసిటీలో స్పీడు మార్చే చోట మైనస్ 4 పెడితే సరిపోతుంది. టెంపో, పిచ్ విడిగా మార్చేవి ముట్టుకోకు. నిడివి కొలిచేటప్పుడు రెండింట్లోనూ అవే చరణాలున్నాయో లేదో చూసుకో. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది గనక, సినిమాలో ఉన్న చరణం ప్లేటులో లేకపోవడం మామూలే.

బావగారి ప్లేట్లు నువ్వే కంప్యూటర్లోకి ఎక్కించుకో. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో, గరిష్ఠం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. నిమిషానికి 35 ఎంబీ పడుతుంది, ఎల్పీ (పెద్ద వినైల్ ప్లేటు) ఒక వైపుకి 700 దాకా, నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా దాచు. ఎల్పీలని డిస్టిల్డ్ వాటర్లో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, లేబుల్ తడవకుండా, గాడి వెంట తుడిచి, మళ్లీ సబ్బు లేని డిస్టిల్డ్ వాటర్‌తో తుడువు. 78 ప్లేట్లకి స్పిరిట్ తగలనివ్వకు, అవి లక్కవి, కరిగిపోతాయి. మన వైపు వానాకాలం చెమ్మకి అట్టల్లో బూజు పడుతుంది; అట్ట ఆరేదాకా ప్లేటు లోపల పెట్టకు, ఎప్పుడూ నిలబెట్టే దాచు.

ఎల్పీ ముల్లుతో 78 వేయకు. 78 గాడి వెడల్పైనది, ఎల్పీ ముల్లు అడుక్కి జారి గరగరే వినిపిస్తుంది. 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతు ఒక మిల్) ముల్లు కావాలి. ముల్లు బిగించే నీ కార్ట్రిడ్జ్ మీద ఉన్న నంబరు రాసి పంపు, దానికి సరిపడేది చూసి ఉంచుతాను, పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్దువుగాని.

మీ మావయ్య