క్రూజ్‌లో వాకీటాకీలు పనికొస్తాయా? మేం నాలుగు పట్టుకెళ్లాం

తొమ్మిది మంది, మూడు డెక్‌లలో (అంటే ఓడ అంతస్తుల్లో) నాలుగు క్యాబిన్లు, స్మార్ట్‌ఫోన్ అంటే బెదిరిపోయే పెద్దవాళ్లు ఇద్దరు, కాలు ఒకచోట నిలవని పిల్లలు ముగ్గురు. సముద్రం మధ్యలో సిగ్నల్ ఉండదు కాబట్టి వాకీటాకీలు కొందామా అని అడిగారు. మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది, ఎందుకంటే రెండేళ్ల క్రితం మా ఇంట్లో అచ్చం ఇదే చర్చ. అది తేలకముందే మా బావగారు నాలుగు కొనేశారు.

పనికొస్తాయండీ. కానీ మీరు అనుకుంటున్న పనికి కాదు.

మేం కొన్న పెట్టె మీద 30 కిలోమీటర్ల రేంజ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద క్రూజ్ ఓడల పొడవే 365 మీటర్లు. ఆ లెక్కన ఓడంతా మన గుప్పిట్లో ఉన్నట్టే అని బావగారి ధీమా. పై డెక్ మీద ఆ ధీమాకి ఢోకా లేదు. ఒక చివర స్విమ్మింగ్ పూల్ దగ్గర నేనూ, రెండో చివర పిల్లలూ మాట్లాడుకుంటే పక్కనే నిలబడ్డట్టు వినిపించింది. సాయంత్రం అమ్మ ఒక సెట్ తీసుకుని కింద తన క్యాబిన్‌కి వెళ్లింది. మేం ఆరు డెక్‌ల పైనుంచి పిలిస్తే గరగర కూడా లేదు, పూర్తి నిశ్శబ్దం. అమ్మ మాత్రం వాళ్లెవరూ నన్ను పలకరించలేదని రాత్రి వరకూ అలిగి కూర్చుంది.

పెట్టె మీది రేంజ్ కొండ మీద నిలబడి లోయలోని మనిషితో మాట్లాడితే వచ్చేది, అదీ మధ్యలో అడ్డేమీ లేనప్పుడు. ఓడలో ఏ డెక్ చూసినా నేల ఉక్కు, పైకప్పు ఉక్కు, మధ్యమధ్యలో ఫైర్ డోర్లు, అవీ లోహమే. అరవాటో రెండు వాట్లో ఉండే చిన్న సెట్ నుంచి వచ్చే తరంగం వాటిని చీల్చుకుని పోలేదు. కారిడార్ వెంట, మెట్ల దారిలో, ఖాళీ దొరికిన చోటల్లా దూరి వెళ్లాలి. వారం రోజులు తిరిగాక మాకు తేలిందేమిటంటే, ఒకే కారిడార్‌లో ఉంటే హాయిగా వినపడుతుంది. ఒక డెక్ పైకో కిందకో అయితే అదృష్టం. మూడు దాటితే మర్చిపోవడమే. ఓడ నడిమధ్యలో నాలుగైదు అంతస్తులు ఖాళీగా తెరిచి ఉండే పెద్ద హాలు ఉంటుంది చూడండి, అక్కడ నిలబడితే మాత్రం పైవాళ్లకీ కిందవాళ్లకీ అందేది. బాల్కనీలోకి వచ్చి మాట్లాడితే అదే వైపున్న ఇంకో బాల్కనీకి దొరికేది, అవతలి వైపుకి అస్సలు లేదు. ఇక లిఫ్ట్ ఎక్కితే అంతే సంగతులు.

మరి సిబ్బంది చేతుల్లోనూ వాకీటాకీలే ఉన్నాయి కదా అని మా పెద్దాడు అడిగాడు. మంచి ప్రశ్నే. వాళ్ల కోసం ఓడ లోపల యాంటెన్నాలూ సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకి పంపే రిపీటర్లూ అమర్చి ఉంటాయి. మన బొమ్మలకి ఆ భాగ్యం లేదు.

రేంజ్ ఒక్కటే కాదు, మర్యాద సమస్య కూడా ఉంది. రెండో రోజు మా అత్తగారి చేతిసంచిలో మాట్లాడే బటన్ దేనికో నొక్కుకుపోయింది. ఆవిడ పక్కావిడతో మా అందరి గురించీ చెప్పుకున్న కబుర్లు ఇరవై నిమిషాల పాటు మిగతా మూడు సెట్లలోనూ ప్రసారమయ్యాయి. ఒకరు నొక్కి ఉంచితే ఆ ఛానెల్‌లో ఇంకెవరూ మాట్లాడలేరు కాబట్టి ఆపమని చెప్పే దారి కూడా లేదు. నేనే రెండు డెక్‌లు పరుగెత్తుకెళ్లాను. (ఆ కబుర్ల వివరాలు ఇక్కడ అనవసరం.)

అదే ఛానెల్‌లోకి వేరే కుటుంబం పిల్లలు కూడా వచ్చేశారు. మా చిన్నది వాళ్లతో స్నేహం చేసి మా క్యాబిన్ నంబర్ చెప్పేసింది. సెట్‌లో ప్రైవసీ కోడ్ పెట్టాం కదా అని బావగారు ఆశ్చర్యపోయారు. పేరు చూసి మోసపోకండి. ఆ కోడ్ మన మాటల్ని దాచదు, వేరేవాళ్ల మాటలు మనకి వినపడకుండా చేస్తుంది అంతే. కోడ్ పెట్టుకోని సెట్ ఆ ఛానెల్‌లో ఉంటే మనం అన్నదంతా వింటుంది. అందుకని క్యాబిన్ నంబర్, ఎవరు ఒంటరిగా ఉన్నారు, ఎవరు ఎప్పుడు బయటికి వెళ్తున్నారు లాంటివి వాకీటాకీలో అనొద్దని పిల్లలకి ముందే గట్టిగా చెప్పండి.

రూల్స్ విషయం చాలామంది పట్టించుకోరు కానీ ఇదే ముఖ్యం. టికెట్ కొన్న క్రూజ్ కంపెనీ నిషేధిత వస్తువుల జాబితా ఒకసారి చదవండి. మామూలు వాకీటాకీలని రానిచ్చే చోట కూడా హామ్ రేడియోల (లైసెన్స్ తీసుకుని సరదా కోసం వాడే రేడియోలు) లాంటి పెద్ద సెట్లని ఆపేస్తారు. ఓడ ఆగే దేశాల సంగతి వేరే. అమెరికాలో లైసెన్స్ లేకుండా వాడే ఎఫ్ఆర్ఎస్ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. యూరప్‌లో లైసెన్స్ అక్కర్లేనివి పీఎంఆర్ 446 సెట్లు, అవి 446 మీద. అమెరికావి యూరప్‌లో, యూరప్‌వి అమెరికాలో వాడటానికి అనుమతి లేదు. పైగా ఓడ సిబ్బంది లోపల మాట్లాడుకోవడానికి అంతర్జాతీయంగా కేటాయించిన ఫ్రీక్వెన్సీలు 457, 467 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి, అంటే ఎఫ్ఆర్ఎస్‌కి పక్కిల్లే. ఏ ఫ్రీక్వెన్సీ అయినా నొక్కుకోవచ్చు అని ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ప్రోగ్రామబుల్ సెట్ల జోలికి మాత్రం అసలు పోవద్దు. 156.8 మెగాహెర్ట్జ్ అంటే మెరైన్ ఛానెల్ 16, ఆపదలో ఉన్న ఓడలు పిలిచేది అందులోనే. పిల్లాడు సరదాగా బటన్లు తిప్పుతూ అక్కడికి చేరితే అది ఆట కాదు.

మరి మాకు నిజంగా పనిచేసింది ఏమిటంటే, క్యాబిన్‌లో ఉన్న ఫోన్. దాన్ని మొదటి రెండు రోజులూ మేమెవ్వరం చూడనే లేదు! క్యాబిన్ నుంచి క్యాబిన్‌కి డబ్బులేం పడవు. అమ్మకి ఇది చాలా నచ్చింది, ఎందుకంటే నొక్కాల్సింది గది నంబరే. ఫోన్లు వాడేవాళ్లం ఓడ కంపెనీ యాప్‌లోని చాట్ వాడుకున్నాం. ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా ఓడ వైఫైకి కలిపితే యాప్ పనిచేసింది. కొన్ని ఓడల్లో చాట్ ఉచితం, కొన్నిట్లో చిన్న ఫీజు, ఇంకొన్నిట్లో ఆ సదుపాయమే ఉండదు. ఎక్కకముందే ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి, లేకపోతే ఓడలోని మొబైల్ నెట్‌వర్క్‌కి తగులుకుని రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

వీటన్నిటికన్నా మమ్మల్ని కాపాడింది మాత్రం పాతకాలం పద్ధతే. రోజుకి మూడుసార్లు, ఫలానా టైముకి ఫలానా మెట్ల దగ్గర. రానివాళ్ల కోసం పది నిమిషాలు చూసి వెళ్లిపోవడం. క్యాబిన్ తలుపు మీద కాగితం. చాలా ఓడల్లో ఆ తలుపులు లోహపువే కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది, నాలుగు తీసుకెళ్లండి.

ఇందులోనూ ఒక తిరకాసు ఉంది. రేవులో దిగిన రోజు బావగారు గంట ఆలస్యంగా వచ్చారు. ఆయన ఫోన్ ఒడ్డు మీది టవర్ చూసి తనంతట తనే ఆ దేశపు టైముకి మారిపోయింది, ఓడ టైము మాత్రం మారలేదు. ఇంకాస్త ఆలస్యమైతే ఓడ ఆయన్ని వదిలేసి వెళ్లేదే. ఆ టెన్షన్‌లో వాకీటాకీలో పిలుద్దామంటే ఆయన సెట్ క్యాబిన్‌లో చార్జింగ్‌లో ఉంది. అప్పటి నుంచీ అందరం మామూలు చేతి గడియారాలు ఓడ టైముకి పెట్టుకున్నాం.

ఇంకో మాట, అత్యవసర సైరన్ మోగితే (ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత) ఒకరినొకరు వెతుక్కుంటూ తిరగకూడదు. ఎవరికి కేటాయించిన మస్టర్ స్టేషన్‌కి (ఆపదలో వచ్చి చేరాల్సిన చోటుకి) వాళ్లు వెళ్లాలి. పిల్లలు ఆ సమయంలో పిల్లల క్లబ్‌లో ఉంటే వాళ్లని ఎవరు, ఎక్కడికి తీసుకొస్తారో మొదటి రోజే అక్కడివాళ్లని అడిగి పెట్టుకోండి. మేం అడిగాం, ఆ జవాబు విన్నాకే మా ఆవిడకి నిద్రపట్టింది.

ఇంత చెప్పాక కూడా కొనాలనే ఉంటే రెండు చాలు, పై డెక్ మీద పిల్లలకొకటి, మీకొకటి. కీ లాక్ ఉన్నవి చూడండి, మా అత్తగారి సంచి కథ గుర్తుంది కదా. నొక్కకుండానే గొంతు విని పనిచేసే మోడ్ ఉంటే ఆపేయండి, గాలికే అది అరుస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే పక్కన కునుకు తీసేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోరు. విమానంలో వెళ్లి ఓడ ఎక్కేటట్టయితే విడి లిథియం బ్యాటరీలు చెక్‌ఇన్ లగేజీలో వేయకండి, చేతి సంచిలోనే ఉండాలి. మీ పెద్దవాళ్లకి మాత్రం సెట్ ఇవ్వకండి. అందరి క్యాబిన్ నంబర్లూ పెద్ద అక్షరాలతో ఒక కార్డు మీద రాసి మెడలో వేయండి, క్యాబిన్ ఫోన్ వాడటం మొదటి సాయంత్రమే ఒకసారి చేసి చూపించండి.