రెండు వారాలు కలిపేసి ఓవర్‌టైమ్ ఎగ్గొట్టకూడదు

ప్రశ్న: మా వారు టెక్సస్‌లో ఒక వేర్‌హౌస్‌లో గంటల లెక్కన పనిచేస్తారు. గంటకు 20 డాలర్లు. పోయినసారి జీతంలో మొదటి వారం 46 గంటలు, రెండో వారం 34 గంటలు చేశారు. మొదటి వారం టార్గెట్ పూర్తి చేసినందుకు 92 డాలర్ల బోనస్ కూడా వచ్చింది. ఓవర్‌టైమ్ అడిగితే, "రెండు వారాలకూ కలిపి 80 గంటలే కదా, రాదు" అన్నారట. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. జీతం రెండు వారాలకోసారి ఇచ్చినా, ఓవర్‌టైమ్‌కు ఏ వారం లెక్క ఆ వారానిదే. అమెరికాలో 1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. రెండో వారం తక్కువ చేశారని మొదటి వారం 6 గంటలు చెరిగిపోవు.

ఇక ఒకటిన్నర రెట్లు దేని మీద? చాలామంది 20 డాలర్ల మీద వేసుకుని ఊరుకుంటారు. అక్కడే ఇంకొంత నష్టపోతారు. ముందే మాట ఇచ్చిన బోనస్, నైట్ షిఫ్టుకు అదనంగా ఇచ్చే డబ్బు కూడా ఆ వారం సంపాదనలో కలపాలి. యజమాని తనంతట తాను, ముందు ఏమీ చెప్పకుండా ఇచ్చిన కానుకైతే కలపక్కర్లేదు.

మీ వారి లెక్క చూద్దాం. 46 గంటలకు 920 డాలర్లు, బోనస్‌తో 1,012. దాన్ని 46తో భాగిస్తే గంటకు 22. దీన్నే రెగ్యులర్ రేటు అంటారు. 46 గంటలకూ మామూలు కూలి ఇందులో వచ్చేసింది కాబట్టి, అదనపు 6 గంటలకు ఇంకా రావాల్సింది సగం రేటే: 11 చొప్పున 66 డాలర్లు. ఆ వారం మొత్తం 1,078 కావాలి. 20 డాలర్ల మీదే లెక్క వేస్తే 1,072 దగ్గర ఆగిపోతుంది. తేడా 6 డాలర్లే అయినా ఏడాది పొడవునా ఇలాగే సాగితే చిన్న మొత్తం కాదు.

గంటలు లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. పని చేయకుండా జీతం వచ్చిన సెలవు గంటలు ఆ 40లోకి రావు. ముందుగా అనుమతి తీసుకోలేదన్న సాకుతో మాత్రం, వాళ్లకు తెలిసి చేయించుకున్న పనికి డబ్బు ఆపకూడదు. రోజువారీ ఓవర్‌టైమ్ ఫెడరల్ చట్టంలో లేదు. కాలిఫోర్నియాలోనైతే రోజుకు 8 గంటలు దాటితే ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు.

ముందు పే స్లిప్పులు, పంచ్ టైములు దాచుకోమనండి. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి, పేరోల్ వాళ్లకు ఈమెయిల్‌లో మర్యాదగా పంపమనండి. నోటిమాటగా అడిగితే ఆధారం మిగలదు. వాళ్లు స్పందించకపోతే కార్మిక శాఖలోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఖర్చేమీ ఉండదు. ఫిర్యాదు చేశారని ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధం. అయితే ఆలస్యం చేయకండి: బాకీ రాబట్టుకోవడానికి గడువు రెండేళ్లు, కావాలని ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు.