పాడేరు ఏజెన్సీలో ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) ఉద్యోగమా? వెళ్ళమనే చెప్తాను, కాకపోతే ముందు కొన్ని సంగతులు

"బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. పాడేరు ఏజెన్సీలో ఒక స్వచ్ఛంద సంస్థ రెండేళ్ళ ఉద్యోగానికి పిలుస్తోంది. ఆదివాసీ ఊళ్ళలో ఆక్యుపేషనల్ థెరపిస్టుకి అసలు పనేముంటుంది? నేర్చుకున్నదంతా మరిచిపోతానేమో" అని మీరు అడిగారు. సరిగ్గా అలాంటి ఉద్యోగమే నేను 2018 నుంచి 2022 దాకా చేశాను. ఎక్కువగా పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల్లో తిరిగాను. ఇప్పుడు విశాఖలో ఒక పిల్లల క్లినిక్‌లో ఉన్నాను. ఉయ్యాలలు, రంగు బంతులు, ఏసీ గది అన్నీ ఉన్నాయి. మీ ప్రశ్న చూడగానే ముందు గుర్తొచ్చింది మాత్రం పొగ. ఎందుకో కింద చెప్తాను.

ముందు, పనేముంటుంది అన్నదానికి. మన్యంలో చలి అంటే మైదానంలో ఉన్నవాళ్ళకి లంబసింగి ఫొటోలు. అక్కడి ఇళ్ళలో చలి అంటే రాత్రంతా ఆరకుండా మండే పొయ్యి, దాని చుట్టూ పడకలు. మూర్ఛ ఉన్న మనిషి మందు వాడకుండా ఆ పొయ్యి పక్కన పడుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. నేను చూసిన కాలిన చేతుల్లో చాలావాటి వెనక మూర్ఛ ఉంది. పుండు మానేటప్పుడు చర్మం ముడుచుకుని వేళ్ళు అరచేతికి అతుక్కుపోతాయి, మోచెయ్యి వంగినది వంగినట్టే బిగుసుకుపోతుంది. కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియం తీగలు పాకిస్తారు. కోతల్లో ఆ చెట్లెక్కి జారిపడ్డవాళ్ళు, కల్లు తీసే జీలుగు చెట్టు మీంచి పడ్డవాళ్ళు నడుం కింద చచ్చుబడి ఇళ్ళలో ఉంటారు. పక్షవాతం, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పడం), కుష్ఠు వల్ల స్పర్శ పోయిన చేతులు ఇవి కాక. మనం ఒక్కో సెమిస్టర్‌లో ఒక్కోటి చదివినవి అక్కడ ఒక్క జీపు దిగితే ఒకే ఊళ్ళో కనిపిస్తాయి. మరిచిపోతానన్న బెంగ పెట్టుకోకండి.

అయితే ఓటీ అంటే ఎవరికీ తెలీదు. నన్ను మొదట ఫిజియో మేడమ్ అన్నారు, తర్వాత కర్రల మేడమ్ అన్నారు (చేతికర్రలు పంచాను కాబట్టి). చివరికి ఒక ఆశ కార్యకర్త నన్ను పరిచయం చేస్తూ అన్నమాటే నాకు నచ్చింది: "డాక్టరు చెయ్యగలిగింది చేసేశాక, మిగిలిన చేత్తో ఇంట్లో పని ఎలాగ చేసుకోవాలో చూపించే ఆవిడ." పుస్తకంలో ఉన్న నిర్వచనం కంటే ఇదే నయం.

మొదటి దెబ్బ స్ప్లింట్‌తో తగిలింది. కాలిన చెయ్యికి ఆపరేషన్ చేయించుకుని వచ్చిన తొమ్మిదేళ్ళ పిల్ల. చెయ్యి మళ్ళీ ముడుచుకుపోకుండా రాత్రిళ్ళు ఆసరాగా కట్టుకోవడానికి థర్మోప్లాస్టిక్‌తో ముచ్చటగా స్ప్లింట్ చేసిచ్చాను. ఆ షీటు 60, 70 డిగ్రీల వేడినీళ్ళలో మెత్తబడుతుంది, అదే దాని సుగుణం. పదిహేను రోజుల తర్వాత వెళ్తే వాళ్ళమ్మ అటక మీంచి ఏదో తీసి మొహమాటంగా చూపించింది. అప్పడంలా సాగిపోయి ఉంది. తప్పు ఆవిడది కాదు. ఆ ఇంట్లో తడవకుండా, ఎలుకలు కొట్టకుండా దేన్నైనా దాచుకునే చోటు పొయ్యి మీదుండే అటకే. విత్తనాలు అక్కడే, డబ్బులు అక్కడే. నా స్ప్లింట్‌ని విత్తనాలంత జాగ్రత్తగా దాచింది, అదీ జరిగింది. తర్వాతది వెదురుతో చేశాం. వెదురు బద్దని సెగ చూపించి వంచడం ఆ ఊళ్ళో బుట్టలల్లే తాతకి వెన్నతో పెట్టిన విద్య. కోణం నేను చెప్పేదాన్ని, వంపు ఆయన తెచ్చేవాడు. లోపల పాత దుప్పటి ముక్క కుట్టాం. చూడ్డానికి బాగుండదు గానీ ఆ పిల్ల ఆర్నెల్లు కట్టుకుంది.

ఇక కుర్చీ సంగతి. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయిదేళ్ళ బాబు, సెరిబ్రల్ పాల్సీ. కూర్చోలేడు, మెడ వాలిపోతుంది. పొద్దస్తమానం నాయనమ్మ ఒళ్ళోనే. పాడేరులో వడ్రంగి చేత ప్రత్యేకంగా కుర్చీ చేయించాను. తుంటి, మోకాలు 90 డిగ్రీలు, పాదాలు పీటకి ఆనేట్టు, ఎదుట బల్ల, పక్కల ఆసరా. రోడ్డు ఆగిపోయిన చోటినుంచి మూడు కిలోమీటర్లు ఆశ కార్యకర్త భర్త దాన్ని నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. బాబుని కూర్చోబెట్టాం. మెడ నిలబడింది, చేతులు బల్ల మీదకొచ్చాయి. ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే చప్పట్లే చప్పట్లు.

నెల తర్వాత వెళ్ళేసరికి కుర్చీలో రెండు గుమ్మడికాయలున్నాయి. బాబు మళ్ళీ నాయనమ్మ ఒళ్ళోనే. "ఎంత చెప్పినా వీళ్ళింతే" అని మనసులో అనుకున్నాను. ఆ మాట అనుకున్నానని దాచుకోను. నాయనమ్మ ఏమీ వాదించలేదు. సాయంత్రం దాకా ఉండమంది. పొయ్యి రాజేసింది. నేను గుమ్మడికాయల పక్కన మోకాళ్ళ మీద లేచి, కుర్చీలో బాబు తల ఎంత ఎత్తున ఉండేదో అక్కడ నా తల పెట్టాను. రెండు నిమిషాలకి కళ్ళు మండి నీళ్ళు కారిపోయాయి, దగ్గు ఆగలేదు. ఆవిడ నా భుజం పట్టుకుని కిందికి లాగింది. నేలమీద కూర్చున్నాను. గాలి శుభ్రంగా ఉంది.

ఆ ఇంటికి కిటికీ లేదు. పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచి పోవాలి, పోయేలోపు పై భాగమంతా పరుచుకుని ఉంటుంది. అందుకే అందరూ నేలకి అంటుకునే కూర్చుంటారు, నాలుగు వేళ్ళ ఎత్తు పీటకంటే ఎత్తైనది ఇంట్లో ఒక్కటీ లేదు. నేను ఆ బిడ్డని తీసుకెళ్ళి సరిగ్గా పొగలో కూర్చోబెట్టాను. నెలరోజులు దగ్గాడట. నా మొదటి హోమ్ విజిట్ మిట్టమధ్యాహ్నం, పొయ్యి వెలగని వేళ జరిగింది. ఫారంలో "ఇల్లు పరిశీలించితిని" అని టిక్కు కూడా పెట్టాను.

మర్నాడు రంపం అడిగి తెచ్చి కాళ్ళు కోసేశాం. కూర్చునే పలక నేలకి నాలుగు వేళ్ళ ఎత్తుకి దిగింది. కాళ్ళు ముందుకు చాపాలి, కానీ వాడికి తొడ వెనక కండరాలు బిగుతు. పూర్తిగా చాపిస్తే నడుం వెనక్కి వాలిపోతుంది. మోకాళ్ళ కింద గోనెసంచి చుట్ట పెట్టి కాస్త వంపు ఉంచాం. ఆ రాత్రి అన్నాల దగ్గర వాడు మిగతావాళ్ళతో సమానంగా నేలమీద ఉన్నాడు. చెయ్యి చాపి మొదటిసారి ముద్ద తీసుకున్నాడు. తన పళ్ళెంలోంచి కాదు, అక్క పళ్ళెంలోంచి. అక్క కొట్టింది కూడా.

అంచనా పద్ధతుల గురించి ఒక మాట. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటారో మార్కులేసే బార్తెల్ ఇండెక్స్ మీకు కంఠతా వచ్చే ఉంటుంది. వందలో పది మార్కులు మెట్లెక్కడానికి. మెట్లే లేని ఊళ్ళో, రోజూ వాగు దాటి కొండెక్కే ఆడమనిషికి ఆ పది వెయ్యాలా తీసెయ్యాలా? నేను ఫారం ఆఫీసు కోసం నింపేదాన్ని, పని కోసం సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) అనే అంచనా పద్ధతి పట్టుకున్నాను. కెనడా వాళ్ళు తయారుచేసినదే అయినా, నీకు ఏ పని ముఖ్యం అని ఎదుటి మనిషినే అడుగుతుంది కదా. "పదికి ఎన్ని?" అంటే మాత్రం నవ్వేవాళ్ళు. దోసెడు రాజ్మా గింజలు పట్టుకెళ్ళేదాన్ని. ఒక్కో పనికీ ఒక ఆకు పరిచి, ఏది ఎంత కావాలో గింజలు వెయ్యమనేదాన్ని.

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒకావిడ స్నానం మీద ఒక గింజ వేసింది, జుట్టు దువ్వుకోవడం మీద అసలు వెయ్యలేదు. గుప్పెడు గింజలు తీసుకెళ్ళి అడ్డాకులు కుట్టడం మీద పోసింది. స్నానం కోడలు చేయిస్తుంది, తల కూతురు దువ్వుతుంది. విస్తళ్ళు కుట్టి సంతలో అమ్మితే వచ్చే డబ్బు మాత్రం ఆవిడ సొంతం, చుట్టకైనా మనవడికి జిలేబీకైనా ఎవర్నీ అడగక్కర్లేదు. సరే, అదే పట్టుకున్నాం. పడిపోయిన చెయ్యి ఆకుల మీద బరువుగా ఆనించడం, ఎడమచేత్తో వెదురు పుల్ల గుచ్చి విరవడం. కొన్నాళ్ళకి కుడి బొటనవేలు ఆకు అంచుని అదమడం మొదలైంది. క్లినిక్‌లో పెగ్ బోర్డు (కన్నాల్లో పుల్లలు గుచ్చే పలక) ముందు కూర్చోబెడితే ఆవిడ రెండోరోజు రాకపోయేది.

భాష. నేను కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో చదివాను, ఒడియా వచ్చుననే ధీమాతో వెళ్ళాను. ఒడిశా సరిహద్దు ఊళ్ళలో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. నాది విని పడీపడీ నవ్వారు, పుస్తకం మాట్లాడుతోంది అన్నారు. పై ఊళ్ళలో కోందులైతే కువి మాట్లాడతారు, అక్కడ నా ధీమా పూర్తిగా దిగింది. తెలుగు మగవాళ్ళకీ బడికెళ్ళే పిల్లలకీ వస్తుంది, ముసలివాళ్ళకి రాదు. మన పని ఎక్కువగా ముసలివాళ్ళతోనూ తల్లులతోనూ కదా. అన్నట్టు, అందర్నీ కలిపి "ట్రైబల్స్" అనే అలవాటుంటే ఘాట్ రోడ్డు కిందే వదిలి రండి. భగతలు, కొండదొరలు, కోందులు, గదబలు, పోర్జాలు, కోటియాలు, ఎవరి ఊరు, ఎవరి పండగ, ఎవరి మర్యాద వాళ్ళవి.

దిసారి (ఊళ్ళో పూజలు, నాటువైద్యం చేసే పెద్ద) దగ్గరికి వెళ్ళొద్దని ఎవరికీ చెప్పకండి. మీరు చెప్పినా వెళ్తారు, మీకు చెప్పడం మానేస్తారు. మూర్ఛ మాత్ర వేసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళమనండి, సరిపోతుంది.

ఇప్పుడు చేదు విషయం. పింఛను. వికలాంగుల ధ్రువపత్రంలో 40 శాతం ఉంటేనే పింఛను వస్తుంది. నేనున్నప్పుడు, 2019 నుంచి, నెలకి 3,000; 2024 నుంచి 6,000. నగదు సరిగా కనపడని ఇంట్లో అది చాలా పెద్ద మొత్తం. కాబట్టి "చెయ్యి బాగుపడితే శాతం తగ్గిపోతుందా అమ్మా?" అని అడుగుతారు. నన్ను ఒక తండ్రి సూటిగా అడిగాడు. కొడుకు నడక కాస్త మెరుగుపడుతోంది, మళ్ళీ పరీక్షకి పిలుపు వస్తుందేమోనని వాళ్ళకి భయం. వ్యాయామాలు ఆపేశారు. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత లెక్క వేసుకుంటే ఆయన చేసింది తెలివితక్కువ పనిగా అనిపించలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, మంచిదే. కానీ ఈ ప్రశ్నకి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు. నేను చేసిందల్లా శాతం గురించి అబద్ధపు హామీ ఇవ్వకపోవడం, వాళ్ళు ఒద్దన్న చోట ఒత్తిడి చెయ్యకపోవడం. మీకూ ఇది తప్పకుండా ఎదురవుతుంది.

కొన్ని చిల్లర విషయాలు. సంత రోజున ఊళ్ళకి వెళ్ళకండి, ఎవరూ ఉండరు. సంతలోనే ఒక చెట్టుకింద కూర్చోండి, వారం అంతా తిరిగినా దొరకనివాళ్ళు అక్కడ దొరుకుతారు. మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచర్లని మొదటి వారంలోనే కలవండి. ఏ ఊళ్ళో ఏ పిల్లాడు బడికి రావట్లేదో, ఎందుకు రావట్లేదో వాళ్ళకి తెలుసు. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు, నాకు మలేరియా రెండుసార్లు వచ్చింది. వానాకాలం వాగులు పొంగితే కొన్ని ఊళ్ళకి వారాల తరబడి వెళ్ళలేరు. డోలీలో మోసుకొచ్చే మనుషుల్ని పేపర్లో చూసే ఉంటారు, ఆ దారుల్లోనే మీరూ నడవాలి. అందుకని మీరు రాని నెలలో ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగినదే నేర్పండి, అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. నేను ఒక తల్లికి పన్నెండు వ్యాయామాల బొమ్మల కాగితం ఇచ్చాను. ఆవిడ పొద్దున్న నాలుగింటికి లేచి చోళ్ళు విసిరి, నీళ్ళు మోసి, పొలానికి పోయే మనిషి. తర్వాత పన్నెండూ కొట్టేసి, బిడ్డని చంకనెత్తుకునే తీరు ఒక్కటి మార్చాను. రెండు కాళ్ళూ ఆవిడ నడుముకి చెరోపక్క వచ్చేట్టు. ఎలాగూ రోజంతా ఎత్తుకుంటుంది, తొడలు బిగుసుకోకుండా అదే సాగదీస్తుంది.

ఒంటరిగా ఉండటం గురించి కూడా అడిగారు. నాకు ఊళ్ళలో ఎప్పుడూ భయం వెయ్యలేదు. చీకటి పడ్డాక ఘాట్‌లో బండి ఆగిపోతే మాత్రం వేసింది. జీతం నాకప్పుడు 22 వేలు, అందులో పెట్రోలుకే బోలెడు పోయేది. చేరే ముందు ఆర్డర్‌లో బండి ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించుకోండి. నాకు నోటిమాటగా ఇస్తామన్నారు, నాలుగేళ్ళూ నోటిమాటగానే ఉండిపోయింది.