ట్రాలీ హబ్‌లోకి నీళ్లు ఎట్లా పోతాయి?

హబ్‌కు (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) కొత్త సీల్ (నీళ్లు, మట్టి లోపలికి పోకుండా ఆపే రింగు) వేసినా ట్రాక్టర్ ట్రాలీ బేరింగులు ఒక్క సీజన్‌కే పోతున్నాయని అడిగారు. మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాల్లో ఇది మామూలే.

లోడుతో రోడ్డెక్కి వచ్చిన హబ్ కాలుతుంటుంది. అట్లనే బురదలో దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు సీల్ పెదవి (యాక్సిల్‌ను ఒరుసుకునే రబ్బరు అంచు) సందులోంచి నీళ్లు లోపలికి వస్తాయి. గ్రీజు మజ్జిగలా తెల్లబడిందంటే నీళ్లు చేరినట్టే. అందుకే ట్రాలీని బురదలో దింపేముందు హబ్ చల్లారేదాకా కాసేపు ఆగండి.

సీల్ తీసినప్పుడు యాక్సిల్ మీద అది రుద్దుకునే చోట గోరుతో గీకి చూడండి. గాడి తగిలిందా, మామూలు సీల్ ఎంత ఖరీదైనదైనా ఆగదు. క్యాసెట్ సీల్ అయితే తన స్లీవ్‌తోనే (పెదవులు రుద్దుకునే లోపలి తొడుగు) వస్తుంది, కాబట్టి యాక్సిల్ గాడి మీద రుద్దుకోదు, పెదవులూ ఎక్కువ. కొలత దొరికితే అదే వేయించండి. కార్లలోలా బిగించి వచ్చే సీల్డ్ హబ్ ట్రాలీకి దొరకడం కష్టం. ఇక్కడ టేపర్ రోలర్ బేరింగులే (ఒకవైపు సన్నబడే రోలర్లున్నవి), నట్టు బిగింపు మన చేతిలోనే.